చెక్ ట్రేలో పేగు

రొయ్య ఆరోగ్యం ఎలా ఉందో తెలియాలంటే డాక్టరు అక్కర్లేదు. పొద్దున్న మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే, అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులో దింపే పళ్ళెం, పైకి లాగి, ఒక రొయ్యని తలా తోకా పట్టుకుని వెలుతురుకి ఎదురుగా పెడితే చాలు. వీపు వెంబడి సన్నటి దారంలా పేగు కనిపిస్తుంది. మేత రంగులో నిండుగా, ఎక్కడా తెగకుండా ఉంటే చెరువు బాగున్నట్టు. మధ్యమధ్యలో తెగిపోయి తెల్లగా ఉంటే ఆ రైతు మధ్యాహ్నానికల్లా మా షాపుకి వస్తాడు. పన్నెండేళ్ళుగా ఆకివీడు దగ్గర రొయ్యల మేత, మందుల షాపు నడుపుతున్నాను. నాకూ నాలుగెకరాల చెరువుంది. ఇన్నేళ్ళలో కొన్ని వేల రొయ్యల పేగులు చూసి ఉంటాను. నా పేగు పాడైన సంగతి మాత్రం ఏడాదిన్నర దాకా తెలియలేదు.

నా జబ్బు పేరు క్రోన్స్. పేగులో పుండ్లు పడతాయి, మానినట్టే మాని మళ్ళీ రేగుతాయి. దీనికో తోబుట్టువుంది, అల్సరేటివ్ కొలైటిస్ అని. రెండింటినీ కలిపి ఐబీడీ అంటారు. కొలైటిస్ పెద్దపేగుకే, అదీ లోపలి పొరకే వస్తుంది. నెత్తురు, జిగట ఎక్కువ పడతాయి. క్రోన్స్‌కి అలాంటి హద్దుల్లేవు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, మధ్యలో కొంత పేగుని ముట్టుకోకుండా వదిలేసి అవతల మళ్ళీ మొదలెట్టవచ్చు, గోడ మందమంతా తొలుచుకుపోవచ్చు. ఇక ఐబీఎస్ అనేది పూర్తిగా వేరు. అందులో పేగు పనితీరు గాడి తప్పుతుంది కానీ పుండ్లుండవు. ఆ ఒక్క అక్షరం తేడాకి నాకు ఎనిమిది నెలలు పోయాయి.

2018 వినాయక చవితి వెళ్ళిన కొన్నాళ్ళకి మొదలైంది. అన్నం తిన్న గంటకి బొడ్డుకి కుడిపక్క కింద మెలిపెట్టినట్టు నొప్పి. రోజుకి అయిదారు విరేచనాలు. నోట్లో పూత. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఆ డిసెంబరులో పెథాయ్ తుఫాను తీరం దాటిన రోజు రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు జనరేటరు మీద తిప్పుకుంటూ చెరువు గట్టు మీదే ఉన్నాను. గాలివాన కన్నా బాత్రూం ఎంత దూరంలో ఉందన్నదే పెద్ద టెన్షన్. 71 కిలోల మనిషిని సంక్రాంతికి 62కి దిగాను. మా బావమరిది "డైటింగా బావా, బావున్నావ్" అన్నాడు.

ఊళ్ళో చూపించుకున్న డాక్టరు గ్యాస్ అన్నారు, తర్వాత ఐబీఎస్ అన్నారు, ఆ తర్వాత టెన్షన్ తగ్గించుకోమన్నారు. చెరువులో వనామీ రొయ్య వేసినవాణ్ణి టెన్షన్ తగ్గించుకోమంటే ఎలా? మోకాళ్ళు కూడా పట్టేస్తుంటే మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని రోజుకి రెండు చొప్పున వేసుకున్నాను. ఆ కీళ్ళ నొప్పులు కూడా ఈ జబ్బులో భాగమేనని, ఆ బిళ్ళలు పేగు లోపలి పొరని ఇంకా దెబ్బతీస్తాయని నాకప్పుడు తెలియదు. చీటీ రాసినవాళ్ళు లేరు కాబట్టి ఆ తప్పు నాదే.

2019 జూన్‌లో ఒక పెద్ద ఊరి ఆస్పత్రిలో కొలనోస్కోపీ చేశారు, అంటే పేగులోకి కెమెరా పంపి చూడటం. చిన్నపేగు పెద్దపేగులో కలిసే మలుపు దగ్గర పుండ్లు. ముక్క తీసి పరీక్షకి పంపితే గ్రాన్యులోమాలు ఉన్నాయని వచ్చింది. అంటే రోగనిరోధక కణాలు ఏదో శత్రువుని చుట్టుముట్టి గోడ కట్టుకున్న చిన్న చిన్న ముద్దలు. టీబీలోనూ ఉంటాయి, క్రోన్స్‌లోనూ ఉంటాయి. పేగు టీబీ కూడా సరిగ్గా ఆ మలుపునే పట్టుకుంటుంది. జ్వరం, నొప్పి, బరువు తగ్గడం అన్నీ ఒకటే. మన దేశంలో టీబీ ఇంత ఉంది కాబట్టి ముందు టీబీ మందులే ఇచ్చారు. ఆ విషయంలో ఆ డాక్టర్ని నేను తప్పుపట్టను. టీబీ ఉన్న మనిషికి పొరపాటున క్రోన్స్ మందులు, అంటే నిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు టీబీ వైపే మొగ్గుతారు. నాకున్న బాధల్లా ఒకటే. మందులు మొదలెట్టిన రెండు మూడు నెలలకి మళ్ళీ కెమెరా వేసి పుండ్లు మానుతున్నాయో లేదో చూస్తే తేలిపోతుందట. నన్ను మాత్రం ఆరు నెలలూ "కోర్సు మధ్యలో ఆపకూడదు" అంటూ నడిపించారు. ఆ ఆరు నెలలూ మూత్రం నారింజ రంగులో పోసుకుంటూ, అన్నం చూస్తే వికారంతో, 57 కిలోలకి వచ్చాను.

2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ గారు అన్నీ మొదటి నుంచి చూశారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష చేయించారు. పేగులోకి తెల్లకణాలు ఎంతగా చొరబడ్డాయో దాన్నిబట్టి తెలుస్తుంది. 50 లోపు ఉండాల్సింది నాకు 1,140. స్కానింగులో పన్నెండు సెంటీమీటర్ల మేర పేగు గోడ మందమెక్కి ఉంది. క్రోన్స్ అని తేల్చారు.

ఇంటికొచ్చి అందరికీ చెప్పాం, క్రోన్స్ అంట అని. మార్చి వచ్చింది. మా ఊళ్ళో నాకు కరోనా అని పాకిపోయింది! పాలబ్బాయి క్యాను గేటు బయటే పెట్టి వెళ్ళేవాడు. మా పెదనాన్న ఫోన్ చేసి, "ఏరా, హైదరాబాద్ వెళ్ళి అంటించుకొచ్చావంట?" అని అడిగారు. మా ఆవిడ ఫోన్ లాక్కుని "కరోనా కాదు మావయ్యగారూ, క్రోన్స్, క్రో...న్స్" అని సాగదీసి చెబితే, ఆయన "రెండూ ఒకటే కదమ్మా, యాస తేడా" అన్నారు.

ఆ పేరు ఒక మనిషిది. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆస్పత్రి నుంచి ముగ్గురు డాక్టర్లు, క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్, ఈ జబ్బు గురించి వ్యాసం రాశారు. పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో వేశారు, మొదటి పేరు స్థిరపడిపోయింది. అంతకంటే ముందే, 1913లో, గ్లాస్గోలో డాల్జీల్ అనే సర్జన్ ఇలాంటి పేగుల్నే కోసి చూసి, ఇది పశువులకొచ్చే జోన్స్ వ్యాధిలా ఉందని రాశాడు. పశువుల ఆ జబ్బు టీబీ క్రిమికి దాయాది అయిన ఒక క్రిమి వల్ల వస్తుంది. ఆయన మనుషుల పేగుల్లో ఆ క్రిమి కోసం వెతికితే దొరకలేదు. చూడ్డానికి టీబీలా ఉంటుంది, క్రిమి మాత్రం దొరకదు. నా కథ నూరేళ్ళ ముందే గ్లాస్గోలో నడిచిందన్నమాట. ఆ పశువుల క్రిమికీ క్రోన్స్‌కీ సంబంధం ఉందా లేదా అన్న వాదన ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఇక అసలు విషయం. "ఏం తిన్నావు, ఎందుకొచ్చింది?" ఈ ఆరేళ్ళలో నన్ను ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. నేనూ డాక్టర్ గారిని అదే అడిగాను. ఆయన చీటీ వెనక్కి తిప్పి రెండు గీతలు గీశారు. గీతల మధ్య చుక్కలు, గీతల బయట ఇంకో రకం చుక్కలు. లోపలివి సూక్ష్మజీవులు, బయటివి మన నిరోధక కణాలు, ఆ గీత పేగు గోడ. "ఈ మూడింట్లో ఏది ఎక్కడ తప్పిందో చెప్పగలిగితే నాకు బహుమతి ఇస్తారు" అన్నారు. నేను చెరువుతో పోల్చుకుని అర్థం చేసుకున్నాను. ఆయనకి ఆ పోలిక నచ్చింది. ఒక చోట మాత్రం తప్పన్నారు, అది తర్వాత చెప్తాను.

ముందు గోడ. చిన్నపేగు, పెద్దపేగు లోపలి తలం అంతా విప్పి పరిస్తే దాదాపు 30 చదరపు మీటర్లుంటుందట. అంత తలానికీ కాపలా ఉన్నది ఒకే ఒక్క వరస కణాలు. అదీ నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తది వస్తుంది. దాని మీద జిగురు పొర. పెద్దపేగులో ఆ జిగురు రెండు పొరలు: పై పొరలో సూక్ష్మజీవులు కాపురముంటాయి, కింది పొర చిక్కగా, వాటిని రానివ్వకుండా ఉంటుంది. చిన్నపేగు మడతల అడుగున కొన్ని కణాలు సొంతంగా క్రిమినాశకాలు తయారు చేసి వదులుతుంటాయి. చెరువు గట్టు కట్టి, పీతలు రాకుండా ఫెన్సింగ్ వేసి, పైన వల కప్పినట్టే. గట్టుకి పీత బొక్క పడితే పైకేమీ కనిపించదు. అవతలి పక్క నేల చెమ్మగిల్లాక గానీ తెలియదు. కొలైటిస్ వచ్చినవాళ్ళలో ఆ జిగురు తయారుచేసే కణాలే తగ్గిపోతాయి. క్రోన్స్‌లో ఆ సొంత క్రిమినాశకాలు బలహీనపడతాయి.

తర్వాత సూక్ష్మజీవులు. మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని లెక్కేశారు, దాదాపుగా మన సొంత కణాలు ఎన్నో అన్ని. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. అవి ఊరికే తిని కూర్చోవు. మనం అరిగించుకోలేని పీచుని పులియబెట్టి బ్యూటిరేట్ అనేదాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన తిండి అదే. అంటే గోడకి కూలి ఇచ్చేది లోపలున్న జీవులే. క్రోన్స్ ఉన్నవాళ్ళలో ఈ బ్యూటిరేట్ చేసే మంచి రకాలు తగ్గి, గోడకి అంటుకుని లోపలికి దూరే ఈ-కోలై లాంటివి పెరుగుతాయి.

ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెరువులో బ్లీచింగ్ ఎక్కువ కొట్టిన రైతుని అడగండి. నీళ్ళు కళ్ళు చెదిరేంత తేటగా ఉంటాయి, అన్నీ చచ్చాయని సంబరపడతాడు. ఖాళీ అయిన చోట ముందుగా పెరిగేది విబ్రియో, రొయ్యల్ని చంపే బ్యాక్టీరియా. మెల్లగా పెరిగే మంచి రకాలు వచ్చేసరికి అది పాతుకుపోయి ఉంటుంది. చిన్నతనంలో యాంటీబయాటిక్స్ బాగా వాడిన పిల్లల్లో తర్వాత ఐబీడీ వచ్చే అవకాశం కాస్త ఎక్కువని పరిశోధనల్లో కనబడింది. కారణం ఇలాంటిదే అయి ఉండొచ్చంటారు. నాకు నాలుగో ఏట టైఫాయిడ్. ఆ తర్వాత ఏటా చెవిలో చీము, ఏటా యాంటీబయాటిక్.

మూడోది సైన్యం. డాక్టర్ గారు నా పోలికలో తప్పు పట్టింది ఇక్కడే. "మీ చెరువుకి సైన్యం లేదండీ. అక్కడ విబ్రియోనే రొయ్యని చంపుతుంది. ఇక్కడ పేగుని తినేస్తున్నది సూక్ష్మజీవి కాదు, మీ సొంత కణాలు" అన్నారు. ఆ రాత్రి హోటల్ గదిలో పడుకుని చాలాసేపు ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను.

పేగు పక్కన కాపలా ఉన్నవాడి ఉద్యోగం మహా చిక్కు. లోపల లక్షల కోట్ల మంది పరాయివాళ్ళు. వాళ్ళని తరమకూడదు. కానీ ఒక్కడు గీత దాటితే వదలకూడదు. క్రోన్స్‌కి సంబంధించి మొట్టమొదట దొరికిన జన్యువు నాడ్2, 2001లో. బ్యాక్టీరియా గోడ ముక్కని పసిగట్టే కన్ను లాంటిది అది. వింత ఏంటంటే, జబ్బున్నవాళ్ళలో ఆ కన్ను సరిగా పనిచేయదు. కన్ను పనిచేయకపోతే సైన్యం నిద్రపోవాలి కదా, అతిగా లేవడమేంటి? నాకర్థమైంది ఇదీ: కాపలావాడికి రేచీకటి. ఒక్క దొంగ గోడ దూకినప్పుడు చూడడు. పదిమంది పెరట్లో చేరాక చప్పుడుకి లేచి, ఊరంతటినీ కర్రలతో పిలుస్తాడు. ఆ తొక్కిసలాటలో ఇల్లే కూలుతుంది.

ఆ జన్యువు మార్పులు యూరప్‌వాళ్ళలో ఎక్కువ. మన దేశంలో క్రోన్స్ రోగుల్లో దాదాపు కనిపించవు. ఇప్పటికి రెండు వందలకి పైగా జన్యు స్థానాలు ఈ జబ్బులతో ముడిపడి ఉన్నాయని తేలింది, ఒక్కోదాని వాటా ఆవగింజంత. వాటిల్లో కొన్ని టీబీ, కుష్ఠు లాంటి క్రిములతో పోరాడే యంత్రాంగానికి సంబంధించినవి. అచ్చుగుద్దినట్టు ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి క్రోన్స్ ఉంటే రెండోవారికి కూడా వచ్చేది సగం జతల్లోపే. కాబట్టి "మీ వంశంలో ఉందా" అని అడిగేవాళ్ళకి నా దగ్గర సగం సమాధానమే ఉంది.

దొంగా దొంగా అన్న ఆ కేక పేరు టీఎన్ఎఫ్. ఒక కణం అరిస్తే పది కణాలు వస్తాయి, ఆ పదీ మళ్ళీ అరుస్తాయి. మామూలుగా ఇంకో రకం కణాలు పెద్దమనుషుల్లా వచ్చి "ఇక ఊరుకోండ్రా, పోయాడు" అని సర్దిచెబుతాయి. ఐఎల్-10 అనేది అలాంటి సర్దుబాటు మాట. 1993లో ఐఎల్-10 లేకుండా ఎలుకల్ని పుట్టించారు. వాటికి వేరే ఏమీ చేయకుండానే పేగువాపు జబ్బు వచ్చింది. అవే ఎలుకల్ని ఒక్క సూక్ష్మజీవి కూడా లేని గదిలో పెంచితే రాలేదు. నన్ను ఎక్కువగా పట్టుకున్న సంగతి ఇదే. సర్దిచెప్పేవాడు లేకపోవడం ఒక్కటే చాలదు, గొడవకి కారణమైనవాళ్ళు కూడా ఉండాలి. సూక్ష్మజీవులు ఒక్కటే చాలవు, నాకున్నవే మీకూ ఉంటాయి. రెండూ కలవాలి. ఏది కారణం అంటే ఏమని చెప్తాం?

గొడవ ఆగాక కూడా కథ అయిపోదు. పుండు మానేటప్పుడు మచ్చ గట్టిపడుతుంది. మళ్ళీ రేగి మళ్ళీ మానితే ఇంకా గట్టిపడుతుంది. అలా పేగు గొట్టం సన్నబడిపోతుంది. నా పన్నెండు సెంటీమీటర్లలో ఒకచోట అలాగే అయింది. అందుకే జామకాయ గింజలు, పనసతొనల పీచు, ములక్కాడ పిప్పి నాకిప్పుడు పనికిరావు. అది జబ్బు కారణం కాదు, ఇరుకు దారిలో లారీ పట్టకపోవడం. పుండు లోపలికి తొలుచుకుంటూ పోతే ఫిస్టులా. ఆ యోగం నాకింకా పట్టలేదు. ఇంకో సంగతి, బీ12 ఒంటికి పట్టేది సరిగ్గా నాకు పాడైన ఆ చిన్నపేగు చివరి భాగంలోనే. అరికాళ్ళలో తిమ్మిర్లు ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమైంది. పైత్యరసంలోని లవణాల్ని తిరిగి పీల్చుకునేది కూడా అక్కడే. అవి పెద్దపేగులోకి జారిపోతే అదో రకం విరేచనాలు. చిన్నపేగులో చివరి గజం ఇంత పని చేస్తుందని ఎవరికి తెలుసు?

బయటి కారణాల్లో నేను చేతులారా చేసుకున్నది ఒక్కటుంది. సిగరెట్. రాత్రుళ్ళు గట్టు మీద కాపలా అంటే ఒక పెట్టె ఖాళీ. పొగ తాగేవాళ్ళకి క్రోన్స్ వచ్చే అవకాశం ఇంచుమించు రెట్టింపు, వచ్చాక తీవ్రత కూడా ఎక్కువ. మళ్ళీ తోబుట్టువు కొలైటిస్ దగ్గరికి వస్తే లెక్క తలకిందులు: తాగేవాళ్ళలో అది తక్కువ, మానేసినవాళ్ళలో ఎక్కువ! దీనర్థం కొలైటిస్ ఉన్నవాళ్ళు సిగరెట్ ముట్టించమని కాదు, ఊపిరితిత్తులూ గుండే మాటేంటి? కానీ ఒకే కుటుంబంలో జబ్బులు రెండు ఇంత ఎదురుబొదురుగా ఉంటాయంటే, ఒకే మాటలో కారణం చెప్పేవాణ్ణి నమ్మకూడదని నాకనిపించింది. నేను 2020 మార్చిలో మానేశాను. లాక్‌డౌన్‌లో దొరక్కపోవడం కూడా కలిసొచ్చింది.

మన దేశానికి ఇది కొత్తదేమీ కాదు. లూధియానాలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో లక్షకి 44 మందికి కొలైటిస్ ఉన్నట్టు తేలింది, ఆ లెక్కలు అచ్చయింది 2003లో. బ్రిటన్‌లో లెస్టర్ నగరానికి వలసపోయిన మన ఉపఖండం కుటుంబాల్లో కొలైటిస్ అక్కడి తెల్లవాళ్ళలో కన్నా ఎక్కువగా కనబడింది. ఒంట్లో ఉన్నది అదే రక్తం. తిండి, ఊరు, గాలీ మారాయి. ఏది మారడం వల్ల అన్నది తేల్చడమే కష్టం.

ప్యాకెట్ తిండి మీద మాత్రం నాకు వ్యక్తిగతంగా ఒక కంటు ఉంది. నూనె, నీళ్ళు విడిపోకుండా కలిపి ఉంచే రెండు పదార్థాల్ని, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పాలీసార్బేట్ 80, ఎలుకలకి నీళ్ళలో కలిపి ఇస్తే పేగు జిగురు పొర పలచబడి సూక్ష్మజీవులు గోడకి దగ్గరగా వచ్చాయని 2015లో ఒక ప్రయోగం వచ్చింది. ఎలుకల్లో అయినది మనుషుల్లో అవుతుందని కాదు. కానీ ఆ మొదటి పేరు చదవగానే షాపులో వెనక అరలోకి వెళ్ళి చూశాను. రొయ్యల మేతకి మందు పట్టించడానికి మేమమ్మే ఒక జెల్ బైండరు డబ్బా మీద అదే పేరు. ప్రోబయోటిక్ మేతకి అంటుకోవాలంటే అదే జిగురు. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో ఉన్న ఐస్‌క్రీం డబ్బా తిప్పి చూశాను. చిన్న అక్షరాల్లో 466. అదే పదార్థం. పిల్లలు చూస్తుండగా ఏమీ అనలేక మూత పెట్టేశాను.

ఇదంతా నాకు. మా అమ్మకి ఇవేవీ పట్టవు. ఆవిడ లెక్కలో నాకు వేడి చేసింది. లేకపోతే దిష్టి. అదీ కాకపోతే మాగాయి. ఇంట్లో ఆవకాయ జాడీలు నా కంటబడకుండా మేడ మీద గదిలో పెట్టేసింది. క్రోన్స్ తేలాక రెండోసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు తనూ వస్తానంది. డాక్టర్ గారు మందుల గురించి చెప్తుంటే మధ్యలో, "బాబూ, వీడికి ఏడో నెల్లోనే నాకు పాలు పడలేదు, డబ్బా పాలు పట్టాను. దానివల్లేనా?" అని అడిగింది. నాకు నలభై దగ్గరపడుతున్నాయి. అన్నాళ్ళూ అది లోపల పెట్టుకుని ఉందని నాకప్పుడే తెలిసింది. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, "అమ్మా, డబ్బా పాలు తాగినవాళ్ళకి కొన్ని కోట్ల మందికి రాలేదు. తల్లిపాలు రెండేళ్ళు తాగినవాళ్ళకీ వచ్చింది. మీరు పెట్టింది కాదు, మీరు ఆపగలిగేదీ కాదు" అన్నారు. అమ్మ తలూపింది. బయటికొచ్చాక లిఫ్టు దగ్గర "మంచివాడు, నేను బాధపడతానని అలా చెప్పాడు" అంది.

మందుల సంగతి. ముందు స్టెరాయిడ్ వేశారు. మంట ఆర్పే నీళ్ళ ట్యాంకరు లాంటిది, ఆర్పుతుంది గానీ కాపురం చేయలేం. ముఖం పూరీలా పొంగింది, అర్ధరాత్రి ఆకలేసి లేచి అన్నం తినేవాణ్ణి. దాన్ని తగ్గిస్తూ, నిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ మొదలెడితే మూడో వారానికి తెల్లకణాలు పడిపోయి, దువ్వెన నిండా జుట్టు. నుడ్ట్15 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్ళకి ఆ మందు ఇలా తిరగబడుతుందట. తూర్పు ఆసియావాళ్ళలోనూ మనవాళ్ళలోనూ ఆ మార్పు ఎక్కువే. ఆపేశారు. టీఎన్ఎఫ్ కేకని నేరుగా పట్టి ఆపే ఇంజెక్షన్లు ఉన్నాయి, 1998 నుంచి అమెరికాలో వాడుతున్నారు. కానీ టీబీ క్రిమిని గ్రాన్యులోమా గోడల మధ్య బంధించి ఉంచేది కూడా ఆ టీఎన్ఎఫ్‌యే. దాన్ని ఆపితే నిద్రపోతున్న టీబీ లేస్తుంది. పరీక్షలు చేసి గానీ ఇవ్వరు. దాని ఖర్చు కూడా తక్కువేం కాదు, ఒక పంట పోతే పోయేంత. ప్రస్తుతానికి దాన్ని వెనక పెట్టుకుని, మెథోట్రెక్సేట్ మీద నడుస్తున్నాను.

ఆ మందు దగ్గర నాకో చిన్న సంబరం ఉంది. అది పుట్టింది న్యూయార్క్ దగ్గర లెడర్లీ ప్రయోగశాలలో, ఆ పరిశోధనలు నడిపించినాయన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో మా భీమవరంలోనే పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. మన పాతవాళ్ళు సంగ్రహణి అనేవాళ్ళు అలాంటి జబ్బుల్ని. ఆయనకీ అదే వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు బతికించారు. స్ప్రూ వేరు, క్రోన్స్ వేరు, కలిపి చెప్పడం లేదు. కానీ అదీ చిన్నపేగునే తినేసే జబ్బు, మనిషిని ఎముకలగూడు చేసే జబ్బు. తర్వాత ఆయన బృందం 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. అది స్ప్రూకి మందైంది. అదే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డం పడేలా కాస్త మార్చి చేసినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. కేన్సర్ కోసం చేసిన మందు, చిన్న మోతాదులో క్రోన్స్ గొడవని అణుస్తుందని 1995లో రుజువైంది. నేను వారానికోసారి మెథోట్రెక్సేట్ పొడిపించుకుంటాను. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి మర్నాడు ఫోలిక్ యాసిడ్ బిళ్ళ మింగుతాను. విషమూ విరుగుడూ రెండూ ఒకే లాబ్ నుంచి. ఆయన 1948లోనే పోయారు. ఈ మందు వారానికి ఒక్కసారే, రోజూ వేసుకుంటే ప్రాణాలు పోవచ్చు. ఇది వాడేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే బిళ్ళల డబ్బా మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో పెద్దక్షరాలతో రాసుకోండి.

ఇప్పుడు 66 కిలోలున్నాను. పోయిన నెల కాల్‌ప్రొటెక్టిన్ 180. పుండ్లు పూర్తిగా మానాయో లేదో వచ్చే నెల కెమెరా వేసి చూస్తామన్నారు. నన్ను చెక్ ట్రేలో పెట్టి ఎండకి ఎత్తి చూసుకునే వీలుంటే ఎంత బావుండేదో.

ఇవాళ శుక్రవారం. రాత్రి ఏరేటర్లు ఆన్ చేసి వచ్చి, చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. మా ఆవిడ సిరంజిలోకి ఆ పసుపురంగు మందు తీస్తూ "ఏవండీ, ఏ కాలు?" అంది. పోయిన వారం ఏ కాలో ఇద్దరికీ గుర్తు లేదు. మేత కంపెనీవాళ్ళిచ్చిన క్యాలెండరు తిప్పి చూశాం. పోయిన శుక్రవారం గడిలో చిన్నగా "ఎ" అని రాసుంది. అయితే ఇవాళ కుడి.